ముఖ్య క్రీడాకారిణికి గాయమైతే జట్టు సంగతేమిటి?



హాస్టల్ వార్షికోత్సవం వస్తోందంటే గ్రౌండులో సందడి మొదలవుతుంది. మన అమ్మాయిలు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌తో ఆగకుండా బాస్కెట్‌బాల్ కూడా ఆడుతున్నారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీలు 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నాయి. అంతర్ కళాశాలల పోటీలలో బాగా ఆడినవారికి విశ్వవిద్యాలయం జట్టులో చోటు దొరుకుతుంది. అక్కడి నుండి పై స్థాయికి దారి ఉంటుంది. స్పోర్ట్స్ కోటాలో సీటో, ఉద్యోగమో వస్తుందనే ఆశ కూడా ఉంటుంది. కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డలకు ఆ ఆశ చిన్నదేమీ కాదు.

ప్రతి జట్టులోనూ ఒక అమ్మాయి మిగతావారి కంటే ఎక్కువగా రాణిస్తుంది. బంతి ఆమె చేతికి వస్తే చాలు, చూసేవారు లేచి నిలబడతారు. సరిగ్గా పోటీల సమయంలో ఆ అమ్మాయి మోకాలో, చీలమండో దెబ్బతింటే ఏమవుతుంది? జట్టు ఓడిపోవలసిందేనా? గాయపడిన అమ్మాయి భవిష్యత్తు ఏమిటి? మిగతావారు ఏం చేయాలి? ఈ విషయాలను కొన్ని నిజమైన ఉదాహరణలతో తెలుసుకుందాం.

మొదటి మ్యాచ్‌లోనే గాయం

బాస్కెట్‌బాల్ ఆటను 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు కనిపెట్టారు. ఏడాదిన్నర తిరగకముందే ఆడపిల్లలు కూడా ఆ ఆట నేర్చుకున్నారు. స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయురాలు 1893 మార్చి 22న మొదటి సంవత్సరం అమ్మాయిలకూ, రెండవ సంవత్సరం అమ్మాయిలకూ మధ్య మ్యాచ్ పెట్టారు. మగవారిని లోపలికి రానివ్వలేదు. మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మొదటి మ్యాచ్‌గా దానినే చెప్తారు.

ఆట మొదలుపెట్టడానికి బెరెన్సన్ బంతిని పైకి ఎగరవేసినప్పుడు ఆమె చేయి మొదటి సంవత్సరం జట్టు సెంటర్ క్రీడాకారిణి చేతికి తగిలింది. ఆ అమ్మాయి భుజం కీలు తప్పింది. ఆమెను పక్క గదిలోకి తీసుకువెళ్ళి కీలు సరిచేశారు. ఆమె స్థానంలో ఇంకో అమ్మాయి సెంటర్‌గా వచ్చింది, ఆట సాగింది. రెండవ సంవత్సరం జట్టు 5-4 తేడాతో గెలిచింది.

అంటే ఈ ఆటలో గాయం మొదటి రోజు నుండే ఉంది, గాయపడినవారి స్థానంలో మరొకరు రావడమూ అప్పటి నుండే ఉంది. మొదటి సంవత్సరం జట్టు ఓడింది ఒకే ఒక్క పాయింటు తేడాతో అనే విషయం కూడా గుర్తుపెట్టుకోండి. దాని సంగతి ముందు ముందు చూద్దాం.

పాయింట్ల లెక్క

మంచి క్రీడాకారిణి మ్యాచ్‌కు 22 పాయింట్లు చేస్తుందనుకుందాం. ఆమె లేకపోతే జట్టుకు 22 పాయింట్లు తగ్గుతాయని చాలామంది అనుకుంటారు. ఇది సరైన లెక్క కాదు. ఎందుకంటే ఆమె వేయవలసిన షాట్లను వేరేవారు వేస్తారు.

ఉదాహరణకు ఒక లెక్క చేసి చూద్దాం. ఆమె మ్యాచ్‌కు 20 షాట్లు వేసి 22 పాయింట్లు తెస్తుంది. ఆమె లేనప్పుడు అవే 20 షాట్లను మిగతావారు వేస్తే 16 పాయింట్లు వచ్చాయనుకోండి. అంటే నేరుగా కలిగిన నష్టం 6 పాయింట్లే. కానీ నష్టం అక్కడితో ఆగదు. ఆమె ఆడుతున్నప్పుడు ఎదుటి జట్టువారు ఇద్దరిని ఆమె మీద కాపలా పెట్టేవారు. దానితో మనవాళ్ళలో ఒకరికి ఖాళీ దొరికేది. ఇప్పుడు ఆ ఖాళీ పోయింది. మిగతావారు ఎప్పుడూ వేసే 40 షాట్లలో కూడా 4 పాయింట్లు తగ్గాయనుకుందాం. మొత్తం నష్టం 10 పాయింట్లు అవుతుంది.

ఈ పదిలోనే అసలు కిటుకు ఉంది. ఎప్పుడూ 25 పాయింట్ల తేడాతో గెలిచే చోట పది తగ్గినా మనమే గెలుస్తాం. ఐదు పాయింట్ల తేడాతో గెలిచే చోట పది తగ్గితే ఓడిపోతాం. కాబట్టి గాయం ప్రభావం మొదటి రౌండ్లలో కనబడదు, సెమీఫైనల్, ఫైనల్లలో కనబడుతుంది. నాకౌట్ పోటీలో ఒక్కసారి ఓడితే ఇంటికి రావలసిందే గనుక ఆ ప్రభావం ఇంకా ఎక్కువగా ఉంటుంది. లీగ్ పోటీలో అయితే కోలుకోవడానికి ఇంకో మ్యాచ్ ఉంటుంది.

లెక్కకు అందనివి కూడా కొన్ని ఉన్నాయి. చివరి రెండు నిమిషాలలో బంతి ఎవరి చేతిలో ఉండాలి? ఎదుటివారు మీద పడినప్పుడు తొణకకుండా బంతిని ముందుకు ఎవరు తేవాలి? జట్టు డీలా పడినప్పుడు ఎవరు కేకవేసి లేపాలి? ఈ మూడు పనులూ ఒక్కరే చేస్తుంటే, ఆ ఒక్కరు పోయిన రోజు జట్టు చేతులు విరిగినట్టవుతుంది.

లాస్ ఏంజిల్స్‌లో జరిగింది

ఈ లెక్క నిజంగా ఎలా ఉంటుందో 2025లో అమెరికా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌లో ప్రపంచమంతా చూసింది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం జట్టులో జుజు వాట్కిన్స్ అనే క్రీడాకారిణి ఉంది. ఆ సీజన్‌లో మ్యాచ్‌కు దాదాపు 24 పాయింట్ల సగటుతో ఆడి దేశంలో ఆ ఏటి ఉత్తమ కాలేజీ క్రీడాకారిణిగా అవార్డులు అందుకుంది. 2024 డిసెంబరులో కనెక్టికట్ విశ్వవిద్యాలయం జట్టును వాళ్ళ ఊరి దగ్గరే 72-70తో ఓడించినప్పుడు ఆమె 25 పాయింట్లు చేసింది.

2025 మార్చి 24న ఛాంపియన్‌షిప్ రెండవ రౌండులో మిసిసిపీ స్టేట్ జట్టుతో మ్యాచ్. మొదటి క్వార్టర్‌లోనే బంతితో దూసుకుపోతూ వాట్కిన్స్ కింద పడింది. కుడి మోకాలిలోని ముఖ్యమైన లిగమెంట్ తెగింది. ఆమెను మోసుకుని బయటకు తీసుకువెళ్ళారు.

ఆ రోజు ఆమె జట్టు ఓడిపోయిందా? లేదు, 96-59 తేడాతో గెలిచింది! కికీ ఇరియాఫెన్ అనే తోటి క్రీడాకారిణి 36 పాయింట్లు చేసింది. తర్వాతి రౌండులో కాన్సాస్ స్టేట్ జట్టు మీద 67-61తో గెలిచారు. ఆ మ్యాచ్‌లో భారం మోసింది మొదటి సంవత్సరం అమ్మాయిలు. ఇక మార్చి 31న మళ్ళీ కనెక్టికట్ జట్టు ఎదురైంది. ఈసారి 78-64తో ఓడిపోయి పోటీ నుండి తప్పుకున్నారు.

మూడు ఫలితాలను వరుసగా చూడండి. 37 పాయింట్ల గెలుపు, 6 పాయింట్ల గెలుపు, 14 పాయింట్ల ఓటమి. ఎదుటి జట్టు బలం పెరిగేకొద్దీ లోటు బయటపడింది. అయితే ఆమె ఉంటే తప్పక గెలిచేవారని కూడా చెప్పలేము. కనెక్టికట్ జట్టు అప్పటికి చాలా బలపడింది. అదే ఊపులో ఏప్రిల్ 6న ఫైనల్‌లో సౌత్ కరోలినా జట్టును 82-59తో ఓడించి 12వ సారి ఛాంపియన్ అయింది. వాట్కిన్స్‌కు పోయింది ఒక్క టోర్నమెంటు కాదు. శస్త్రచికిత్స తర్వాత 2025-26 సీజన్ మొత్తం ఆమె ఆడలేదు.

గెలిచిన జట్టు కూడా ఏడ్చిన జట్టే

పైన చెప్పిన కనెక్టికట్ జట్టు కథ ఇంకా ఆసక్తికరమైనది. ఆ జట్టులో పెయిజ్ బెకర్స్ పేరున్న క్రీడాకారిణి. 2022 ఆగస్టులో ఆమె ఎడమ మోకాలి లిగమెంట్ తెగి 2022-23 సీజన్ అంతా పోయింది. ఆ ఏడు వారికి గాయాలు ఎంతగా చుట్టుముట్టాయంటే, 2023 జనవరిలో ఆడడానికి కావలసిన కనీసం ఏడుగురు కూడా సిద్ధంగా లేక ఒక మ్యాచ్‌ను వాయిదా వేయవలసి వచ్చింది. వరుసగా 14 సార్లు చివరి నాలుగు జట్లలో నిలిచిన ఆ జట్టు ఆ సంవత్సరం అంతదూరం వెళ్ళలేకపోయింది. తర్వాత 2023 నవంబరులో అదే జట్టులోని ఆజీ ఫడ్ మోకాలు దెబ్బతింది.

వారు తొందరపడలేదు. గాయపడినవారికి పూర్తిగా మానేవరకు సమయం ఇచ్చారు. ఈలోగా కొత్తవారు ఆట నేర్చుకున్నారు. 2025లో కప్పు గెలిచినప్పుడు ఫైనల్‌లో ఫడ్ 24 పాయింట్లు చేసింది. మొదటి సంవత్సరం అమ్మాయి సారా స్ట్రాంగ్ కూడా 24 పాయింట్లు చేసింది. బెకర్స్ 17 చేసింది. మోకాలు తెగి లేచి వచ్చిన ఇద్దరూ, కొత్తగా వచ్చిన ఒకరూ కలిసి కప్పు తెచ్చారన్నమాట. ఒకరి మీద ఆధారపడే అలవాటు పోయింది గనుకనే ఇది జరిగింది.

మన దేశపు ఉదాహరణ

అమెరికా కాలేజీలకు డబ్బుంది, డాక్టర్లున్నారు, మనకేమున్నదని అనుకోవద్దు. మన దేశపు అమ్మాయిల కథే చూద్దాం. ఆట వేరు, పాఠం ఒక్కటే.

2025 మహిళల క్రికెట్ ప్రపంచ కప్‌లో ప్రతీకా రావల్ మన ఓపెనింగ్ బ్యాటర్. ఈమె చదువుకునే రోజుల్లో బాస్కెట్‌బాల్ కూడా ఆడింది. అక్టోబరు 23న న్యూజిలాండ్ మీద 122 పరుగులు చేసింది. టోర్నమెంటులో 308 పరుగులు పూర్తిచేసి మంచి ఊపు మీద ఉంది. అక్టోబరు 26న బంగ్లాదేశ్‌తో జరిగిన మ్యాచ్‌లో బౌండరీ దగ్గర బంతిని ఆపబోయి చీలమండ మెలిపడింది. సెమీఫైనల్‌కు నాలుగే రోజులున్నాయి.

ఆమె స్థానంలో షెఫాలీ వర్మను పిలిచారు. అసలు మొదట ప్రకటించిన జట్టులో షెఫాలీకి చోటే లేదు. సెమీఫైనల్‌లో ఆమె 10 పరుగులకే అవుటయింది. కానీ జట్టు ఆగలేదు. జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో నిలబడి ఆస్ట్రేలియాను ఓడించింది. నవంబరు 2న దక్షిణాఫ్రికాతో ఫైనల్‌లో అదే షెఫాలీ 87 పరుగులు చేసి, 2 వికెట్లు కూడా తీసి ‘ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్’ అయింది. దీప్తి శర్మ 5 వికెట్లు తీసింది. భారత్ 52 పరుగులతో గెలిచి మొదటిసారి ప్రపంచ కప్ ఎత్తింది. ఆ టోర్నమెంటులో 14 వికెట్లు తీసిన శ్రీచరణి కడప జిల్లా పల్లెటూరి అమ్మాయి అన్న సంగతి మనందరికీ గర్వకారణం.

ప్రతీక ఎక్కడుంది? జాతీయ జెండా కప్పుకొని చక్రాల కుర్చీలో మైదానంలోకి వచ్చింది. తోటివారు ఆమెను తమ మధ్యకు తీసుకున్నారు. పతకాలు జాబితాలోని పదిహేను మందికే అన్న నిబంధన వల్ల ఆ రోజు ఆమె పేరు మీద పతకం లేదు. తర్వాత ఆమెకూ పతకం అందింది. కప్పు గెలవడానికి ముందు మ్యాచ్‌లలో ఆమె చేసిన పరుగులు కూడా కారణమే కదా! గాయపడిన క్రీడాకారిణి కూడా ఆ గెలుపులో భాగస్వామురాలేనని ఆ చక్రాల కుర్చీ మనకు చెబుతోంది.

నొప్పితోనే ఆడవచ్చా?

‘ఏం కాలేదు మేడం, నేను ఆడుతాను’ అనే మాట మన గ్రౌండ్లలో తరచుగా వినబడుతుంది. ఇందులో పట్టుదల ఉంది, ప్రమాదం కూడా ఉంది. హైదరాబాదులో తయారైన మన బ్యాడ్మింటన్ క్రీడాకారిణుల అనుభవం చూడండి.

సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్‌కు మోకాలి నొప్పితోనే వెళ్ళింది. లీగ్ దశలోనే ఉక్రెయిన్ క్రీడాకారిణి చేతిలో 18-21, 19-21తో ఓడిపోయింది. తిరిగివచ్చాక మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. ఓపికగా కోలుకొని 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం, 2018 కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచింది.

పి.వి. సింధు 2022 కామన్వెల్త్ క్రీడలలో క్వార్టర్ ఫైనల్‌లో ఎడమ కాలి చీలమండ దెబ్బతిన్నా, కట్టుతోనే ఆడి ఆగస్టు 8న స్వర్ణం గెలిచింది. కానీ ఎముకలో సన్నని పగులు వచ్చినట్టు తేలింది. అదే నెలలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు వెళ్ళలేకపోయింది. దాదాపు ఐదు నెలలు ఆటకు దూరమైంది. ఆమె వెనుక డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు ఉన్నారు గనుక ఏం చేస్తున్నదీ తెలిసే ఆడింది. మన దగ్గర ఒక జండూబామ్ సీసా తప్ప ఏమీ లేనప్పుడు అదే సాహసం చేయడం తెలివైన పని కాదు.

వీరిద్దరికీ గురువైన పుల్లెల గోపీచంద్‌కు కూడా 1994లో పూణెలో జరిగిన జాతీయ క్రీడలలో మోకాలు తీవ్రంగా దెబ్బతింది. ఆట అయిపోయిందనుకున్నారు. 2001లో ఆయన ఆల్ ఇంగ్లాండ్ ఛాంపియన్ అయ్యారు. ఓపిక పడితే గాయం ముగింపు కాదని తెలుస్తోంది.

అమ్మాయిల మోకాలికే ఎందుకు?

తొడ ఎముకనూ, కాలి ముందు ఎముకనూ మోకాలి లోపల పట్టి ఉంచే తాడు లాంటి బంధనాలను లిగమెంట్లు అంటారు. అందులో మధ్యలో అడ్డంగా ఉండేదానిని డాక్టర్లు ‘ఎ.సి.ఎల్.’ అంటారు. కాలి ఎముక ముందుకు జారిపోకుండా, మోకాలు మెలితిరగకుండా అది కాపాడుతుంది. బాస్కెట్‌బాల్‌లో పరుగెత్తుతూ ఒక్కసారిగా ఆగడం, పక్కకు తిరగడం, ఎగిరి ఒంటికాలి మీద దిగడం ఉంటాయి. ఈ మూడింటిలోనే అది తెగుతుంది. ఎక్కువసార్లు ఎవరూ గుద్దకుండానే తెగుతుంది.

ఒకే ఆట ఆడే అబ్బాయిల కంటే అమ్మాయిలలో ఈ గాయం రెండు రెట్లకు పైగానే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. తుంటి వెడల్పు వల్ల ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలడం ఒక కారణం. తొడ వెనుక కండరాలు ముందు కండరాలంత బలంగా లేకపోవడం మరొకటి. ఇంకొకటి మన ఇండ్లలోనే ఉంది. మగపిల్లలు చిన్నప్పటి నుండి చెట్లెక్కుతారు, గోడలు దూకుతారు. ఆడపిల్ల పెద్దమనిషి కాగానే ‘ఇంక ఎగురుడు, దుంకుడు బంద్’ అంటారు. ఎగిరి దిగడం నేర్చుకోవలసిన వయసులో ఇంట్లో కూర్చోబెట్టి, తర్వాత కాలేజీలో ఒక్కసారిగా పోటీలకు దింపితే మోకాలు ఎలా తట్టుకుంటుంది?

రక్తహీనత కూడా తోడవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సగానికి పైగా స్త్రీలలో రక్తం తక్కువగా ఉంది. రక్తం తక్కువైతే తొందరగా అలసట వస్తుంది. అలసిన కాలు తప్పుగా దిగుతుంది. అందుకే మెస్‌లో ఇచ్చే గుడ్డు, ఆకుకూర వదిలిపెట్టకూడదు. ఐరన్ మాత్రలు ఇస్తే కిటికీలోంచి పారవేయకూడదు. ఇంటి నుండి తెచ్చుకునే పల్లీలు, బెల్లం, నువ్వుల ముద్దలు కూడా మంచివే.

గాయమైన వెంటనే ఏం చేయాలి?

1. ఆట ఆపాలి. మోకాలిలో ‘టక్’మని చప్పుడు వినబడినా, కొన్ని గంటలలో వాపు వచ్చినా, కాలు మోపితే మోకాలు జారిపోతున్నట్టు అనిపించినా అది మామూలు బెణుకు కాదు. నడిపించి చూడవద్దు.

2. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి 15-20 నిమిషాలు పెట్టాలి. ఐసును నేరుగా చర్మం మీద పెట్టకూడదు. క్రేప్ బ్యాండేజీ మరీ బిగుతు కాకుండా కట్టి, కాలు కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచాలి.

3. నూనె పెట్టి రుద్దడం, లాగడం, పసరు కట్టు కట్టించడం చేయవద్దు. రుద్దితే లోపలి వాపు పెరుగుతుంది. బిగుతు కట్టు వల్ల రక్త ప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంది.

4. ఎముకల డాక్టరుకు చూపించాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాబట్టి మునుపటిలాగా ప్రతిదానికీ కర్నూలుకో హైదరాబాదుకో పరుగెత్తవలసిన పని లేదు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని వస్తే అంతా బాగున్నట్టు కాదు. లిగమెంటు ఎక్స్‌రేలో కనబడదు. వాపు తగ్గకపోతే మళ్ళీ చూపించాలి.

5. శస్త్రచికిత్స అవసరమైతే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఆరోగ్యశ్రీ కింద ఏమి వర్తిస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

శస్త్రచికిత్స జరిగితే తిరిగి ఆడడానికి సుమారు 9 నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా. 9 నెలల లోపే ఆటకు దిగినవారిలో మళ్ళీ గాయపడే ప్రమాదం చాలా ఎక్కువ. ‘వచ్చే నెల టోర్నమెంటు ఉంది’ అనేది డాక్టరు చెప్పే మాటకు బదులు కాదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం జట్టులో 12 మంది వరకు ఉండవచ్చు, కోర్టులో ఐదుగురు ఆడతారు. పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు ఉంటాయి. గాయపడిన క్రీడాకారిణి వెంటనే, అంటే సుమారు 15 సెకన్లలో ఆట కొనసాగించలేకపోయినా, ఆమెకు చికిత్స చేయవలసివచ్చినా ఆమెను మార్చాలి. రక్తం కారుతుంటే తప్పనిసరిగా బయటకు పంపాలి. ఆమెకు ఫ్రీ త్రోలు రావలసి ఉంటే, ఆమె బదులు వచ్చినవారు వేయాలి. ఇది చాలామంది మరచిపోతారు. బెంచీ మీద నుండి చల్లబడిన ఒంటితో లేచివచ్చిన అమ్మాయే అప్పటికప్పుడు ఫ్రీ త్రో వేయవలసి రావచ్చు. కాబట్టి ప్రతి ఒక్కరూ రోజూ ఫ్రీ త్రోలు సాధన చేయాలి.

చేతులు కాలకముందే

మన జట్లలో సాధారణంగా ఎనిమిది, తొమ్మిది మందే ఉంటారు. అందులో ఐదుగురే ఎప్పుడూ ఆడతారు. మిగతావారు నీళ్ళ సీసాలు అందించి, చప్పట్లు కొట్టి ఇంటికి వస్తారు. ఫైనల్‌లో ముఖ్య క్రీడాకారిణి పడిపోతే, అంతవరకు ఒక్క నిమిషమూ ఆడని అమ్మాయిని దింపి ‘గెలిపించు’ అంటాము. ఇది న్యాయమేనా?

మొదటి మ్యాచ్‌లో 20 పాయింట్ల ఆధిక్యం ఉన్నప్పుడు ముఖ్య క్రీడాకారిణిని కూర్చోబెట్టి మిగతావారిని ఆడించాలి. ఒకేరోజు రెండు మ్యాచ్‌లు ఉంటే ఇది ఇంకా అవసరం. ఆమె కాళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది, మిగతావారికి అనుభవం వస్తుంది. ప్రాక్టీసులో వారానికి ఒకరోజు ఆమె లేకుండా ఆడి చూడాలి. అప్పుడు బంతిని ముందుకు తేగలవారెవరో, చివరి షాటు వేయగలవారెవరో బయటపడుతుంది.

దీనితో పాటు గాయాలు రాకుండా చేసే వార్మప్ ఉంది. ఫుట్‌బాల్ కోసం ఫిఫా సంస్థ తయారుచేయించిన ‘ఎలెవెన్ ప్లస్’ అనే ఇరవై నిమిషాల కార్యక్రమం ఇందుకు పేరుపొందింది. ఇటువంటి వ్యాయామాలు వారానికి రెండు మూడుసార్లు క్రమంగా చేసిన అమ్మాయిల జట్లలో ఎ.సి.ఎల్. గాయాలు సుమారు సగానికి తగ్గాయని పరిశోధనలలో తేలింది. దీనికి జిమ్ అక్కరలేదు, పైసా ఖర్చు లేదు. మెల్లగా పరుగు, గుంజీలు, ఒంటికాలి మీద నిలబడి బంతి పాస్ చేయడం, మోచేతుల మీద ఒళ్ళు నిలపడం (ప్లాంక్), మోకాళ్ళ మీద కూర్చుంటే స్నేహితురాలు మడమలు పట్టుకోగా మెల్లగా ముందుకు వాలడం, ఎగిరి చప్పుడు కాకుండా దిగడం. దిగినప్పుడు మోకాళ్ళు రెండూ కాలి వేళ్ళ మీదుగా నిటారుగా ఉండాలి, లోపలికి వాలకూడదు. ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎదురుగా నిలబడి చూసి చెప్పాలి.

గ్రౌండులో రాళ్ళు, గుంతలు ఉంటే ఆటకు ముందు అందరూ కలిసి ఏరివేయాలి. చెప్పులతోనో, అరిగిపోయిన బూట్లతోనో ఆడకూడదు.

ఆ అమ్మాయి సంగతి

చివరగా ముఖ్యమైన మాట. టోర్నమెంటు అయిపోతుంది, కప్పు ఎవరో ఒకరు తీసుకుపోతారు. గాయపడిన అమ్మాయి మాత్రం హాస్టల్ గదిలో మంచం మీద ఉంటుంది. ఇంటికి కబురు చేస్తే ‘ఆటలొద్దంటే విన్నావా, రేపు నీకు సంబంధాలెట్ల వస్తయి’ అంటారేమోనని భయపడుతుంది. అందుకే చాలామంది నొప్పిని దాచిపెడతారు. దాచిన నొప్పి చివరికి పెద్ద గాయమవుతుంది. నొప్పి ఉందని చెప్పిన అమ్మాయిని ‘నాటకాలు’ అని ఎవరైనా వెక్కిరిస్తే, ఆ మాటే ఇంకో నలుగురి నోళ్ళు మూయిస్తుంది.

ఆమె విశ్వవిద్యాలయం సెలక్షన్ పోయి ఉండవచ్చు, ఒక ఏడాది ఆట పోయి ఉండవచ్చు. చదువు మాత్రం పోకూడదు. క్లాసు నోట్సు రాసి ఇవ్వడం, మెస్ నుండి అన్నం తెచ్చిపెట్టడం, మెట్లు దిగేటప్పుడు చేయి అందించడం తోటివారి పని. డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేస్తోందా లేదా అని అడగడం పి.డి. గారి పని. తల్లిదండ్రులను పిలిపించి, లిగమెంటు తెగితే జీవితం తెగినట్టు కాదని, చికిత్సతో మామూలుగా నడవవచ్చు, ఆడవచ్చు కూడా అని నచ్చజెప్పడం వార్డెన్ మేడం పని. మ్యాచ్ రోజున ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టుకోండి. కోర్టు బయట నుండి ఆట ఇంకా బాగా కనబడుతుంది. స్కోరు రాయడం, ఎదుటి జట్టు ఎత్తులు కనిపెట్టి చెప్పడం ఆమె చేయగలదు. ఎందరో మంచి కోచ్‌లు గాయపడిన క్రీడాకారులలో నుండే వచ్చారు.

ఒక్కరి బలంతో ఒక మ్యాచ్ గెలవవచ్చు, ఛాంపియన్‌షిప్ గెలవడానికి పన్నెండు మంది కావాలి. ఈసారి గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో మన అమ్మాయిలు కోర్టులోకి దిగినప్పుడు బెంచీ మీద కూర్చున్నవారి వైపు కూడా ఒకసారి చూడండి. వారిని ఇప్పటి నుండే ఆడించండి. మోకాళ్ళను కాపాడుకోండి, నొప్పి ఉంటే చెప్పండి, చెప్పినవారి మాట నమ్మండి. కప్పు ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు వస్తుంది, దానిని అందుకోవడానికి కాళ్ళు బాగుండాలి!